సిరామిక్ బొగ్గుల గ్రిల్: కొనే ముందు నుంచి బూడిద ఎత్తేదాకా

ఆదివారం నాలుగు చికెన్ ముక్కలు చువ్వలకు గుచ్చి కాల్చుకుంటే చాలు అనుకునేవాళ్ళకి ఈ సిరామిక్ గ్రిల్ అక్కర్లేదు. ఒంగోలులోనో నెల్లూరులోనో ఏ వెల్డింగ్ షాపులో చెప్పినా ఇనప కుంపటి చేసిస్తారు, కొద్ది వేలతో పోతుంది, కాల్చిన రుచికి అందులో ఏ లోటూ ఉండదు. సిరామిక్ గ్రిల్ పనితనం వేరే చోట ఉంది. పొట్టేలు ముందు కాలు జబ్బతో సహా ఆరు గంటలు 120 డిగ్రీల దగ్గర కదలకుండా మగ్గాలి, మధ్యలో మీరు స్నానం చేసి, టిఫిన్ తిని, సంతకెళ్ళి రావాలి, వచ్చేసరికి వేడి అక్కడే ఉండాలి. ఆ పని మామూలు కుంపటి వల్ల కాదు. అలా వండుకునే ఓపిక, వారంలో ఒక్క పూటైనా తీరిక ఉంటేనే ఇంత డబ్బు పెట్టండి.

ఇది పనిచేసే తీరు

గుడ్డు ఆకారంలో, అంగుళం అటూ ఇటూ మందం గోడలతో ఉండే పింగాణీ పొయ్యి ఇది. పై భాగం కీలు మీద మూతలా తెరుచుకుంటుంది, దాన్ని డోము అంటారు. కమాడో అంటారు. జపాన్ పొయ్యిల నుంచి వచ్చింది, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడున్న అమెరికా సైనికులు ఇష్టపడి ఇళ్ళకు తీసుకెళ్ళారు, 1974లో అట్లాంటాలో మొదలైన బిగ్ గ్రీన్ ఎగ్ కంపెనీతో దీనికి బాగా పేరొచ్చింది. లోపల అడుగున బొగ్గులు పోసే ఫైర్‌బాక్స్, దానిమీద ఒక రింగు, ఆపైన వండే జాలీ. మంట నేరుగా తగలకూడదనుకున్నప్పుడు జాలీ కింద పెట్టే మందపాటి పింగాణీ పళ్ళెం ఇంకొకటి ఉంటుంది, దాన్ని డిఫ్లెక్టర్ అంటారు. కొన్ని కంపెనీలు దీన్ని విడిగా అమ్ముతాయి, అది లేకుండా కొంటే సగం పొయ్యి కొన్నట్టే.

అసలు కిటుకంతా రెండు రంధ్రాల్లో ఉంది. కింద గాలి లోపలికి పోయే తలుపు, డోము నెత్తిన పొగ బయటికి పోయే చిన్న మూత (పై మూత అన్నప్పుడల్లా ఇదే). ఇందులో వేడి పెంచడం అంటే బొగ్గు ఎక్కువ వేయడం కాదు, గాలి ఎక్కువ ఇవ్వడం. కొండపి, టంగుటూరు వైపు పొగాకు బ్యారన్ల (ఆకుని వేడితో ఎండబెట్టే కొట్ల) దగ్గర పెరిగినవాళ్ళకి ఇది చిటికెలో అర్థమవుతుంది. ఆకు పచ్చగా ఉన్నప్పుడు ఎంత వేడి, పండాక ఎంత, ఈనె ఎండేటప్పుడు ఎంత అని కిందా పైనా వెంటిలేటర్లు సర్దుకుంటూ రోజుల తరబడి కాపలా కాసే పనే ఇక్కడ ఒక పూటకి కుదించుకున్నట్టు. కంగారు పనికిరాదు. తలుపు కొంచెం జరిపి పావుగంట ఆగడం, అంతే.

గోడలు మందంగా ఉండటం వల్ల ఒకసారి వేడెక్కితే ఆ వేడి నిలుస్తుంది, కాబట్టి కొంచెం గాలితోనే బొగ్గు నెమ్మదిగా కాలుతుంది. లోపల గాలి తిరగడం తక్కువ కనుక మాంసంలో తడి కూడా అంత తేలిగ్గా ఆరిపోదు. ఫైర్‌బాక్స్ నిండా మంచి బొగ్గు పోస్తే పది పన్నెండు గంటలు తక్కువ వేడి మీద నడుస్తుంది. ఇందులోనే గాలి బాగా వదిలితే 350 డిగ్రీలు దాటించొచ్చు. (ఇక్కడ డిగ్రీలన్నీ సెంటీగ్రేడే. నెట్‌లో దొరికే అమెరికా వంటకాల్లో ఫారెన్‌హీట్ ఉంటుంది, వాళ్ళ 225 అంటే మనకి 107.)

సైజు, ధర

జాలీ వెడల్పును బట్టి సైజు చెప్తారు. 13 అంగుళాలది ఇద్దరు ముగ్గురికి. 15 అంగుళాలది ఐదుగురి ఇంటికి సరిపోతుంది కానీ బంధువులొస్తే ఇరుకు. 18 అంగుళాలది అన్నిటికీ పనికొస్తుంది, దాని బరువు 70 కిలోల పైనే, స్టాండ్ కలిపితే ఇంకా ఎక్కువ. మేడ మీదికి ఎక్కించాలి అనుకునేవాళ్ళు ఈ బరువు గుర్తుపెట్టుకుని సైజు ఎంచుకోండి. 13 అంగుళాలది సుమారు 30, 35 కిలోలు ఉంటుంది, ఇద్దరు కలిసి ఎత్తేయొచ్చు, మైపాడు బీచ్‌కో కొత్తపట్నానికో కారులో తీసుకెళ్ళాలన్నా అదే గతి.

పేరున్న కంపెనీల 18 అంగుళాల పొయ్యి అమెరికాలోనే వెయ్యి డాలర్లు, ఆపైన పలుకుతుంది. ఇక్కడికొచ్చేసరికి రవాణా, సుంకం కలిసి ఇంకా పెరుగుతుంది. పేరు లేని కంపెనీలవి తక్కువకే దొరుకుతాయి, అవన్నీ చెత్త అని కొట్టిపారేయలేం, కానీ కొనే ముందు మూడు సంగతులు రాతపూర్వకంగా అడగండి. దారిలో పగిలితే ఎవరు మారుస్తారు? గాస్కెట్, ఫైర్‌బాక్స్, కింది జాలీ (బొగ్గుల అడుగున ఉండేది) విడిగా దొరుకుతాయా? (గాస్కెట్ అంటే మూత అంచున అంటించే పట్టీ.) పింగాణీకి వారంటీ మన దేశంలో ఎవరిస్తారు? పెద్ద కంపెనీలు పింగాణీకి జీవితకాలం వారంటీ అని గొప్పగా చెప్తాయి, అది సాధారణంగా మొదట కొన్నవాళ్ళకే వర్తిస్తుంది. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్ళు ఆ వారంటీ చూసి ధర పెంచొద్దు. ఫైర్‌బాక్స్ ఒకే ముద్దగా కాకుండా ముక్కలు ముక్కలుగా అమర్చేది దొరికితే మేలు, వేడికి సాగి ముడుచుకున్నప్పుడు పగుళ్ళు తక్కువ.

బండి దిగిన రోజు

డెలివరీ వాళ్ళని పంపించేయకముందే పెట్టె విప్పండి, విప్పేటప్పుడు ఫోన్‌లో వీడియో తీయండి. లోపలి సామానంతా ముందు బయటికి తీసేయాలి, ఫైర్‌బాక్స్, రింగు, జాలీ అన్నీ. అప్పుడు ఖాళీ గుడ్డు చాలా తేలికవుతుంది. ఎత్తేటప్పుడు కింది రంధ్రంలో ఒక చెయ్యి, వెనక కీలు కింద ఒక చెయ్యి వేయాలి. కీలుని గానీ పక్కన ఉండే చెక్క బల్లల్ని గానీ పట్టుకుని ఎత్తకండి, ఊడి వచ్చేస్తాయి.

బయట మెరుపు పూత మీద సన్నటి గీతలు సాలెగూడులా కనిపిస్తే భయపడక్కర్లేదు, అవి పూత వరకే. గోరు దిగేంత పగులు మూతలోనో కింది భాగంలోనో ఉంటే మాత్రం తీసుకోవద్దు. తర్వాత గాస్కెట్ పరీక్ష. పది రూపాయల నోటు అంచున పెట్టి మూత వేసి నెమ్మదిగా లాగండి, కాస్త పట్టు తగలాలి. ఇలా చుట్టూ పది పన్నెండు చోట్ల చూడండి. ఒక వైపు నోటు జారిపోయి ఇంకో వైపు బిగుసుకుంటే మూత వంకరగా కూర్చుంది, మూతనీ కింది భాగాన్నీ పట్టి ఉంచే ఇనప బ్యాండ్ల బోల్టులు వదులు చేసి మూత సర్ది మళ్ళీ బిగించాలి.

మూతకుండే థర్మామీటర్‌ని వెంటనే నమ్మకండి. ఊడదీసి దాని ములుకు మరిగే నీళ్ళలో పెట్టండి. మన ఒంగోలు, నెల్లూరు తీరం సముద్రమట్టానికి దగ్గరి ప్రాంతం, నీళ్ళు 100 డిగ్రీలకే మరుగుతాయి కాబట్టి ముల్లు అక్కడే నిలవాలి. తేడా ఉంటే వెనకాల ఉన్న నట్టు తిప్పి సరిచేయొచ్చు. దీంతో పాటు మాంసంలో గుచ్చే డిజిటల్ థర్మామీటర్ ఒకటి తప్పకుండా కొనండి. మిగతా సామాను, చేతిగ్లవుజులు తప్ప, ఏదీ మొదట్లో అవసరం లేదు.

ఎక్కడ పెట్టాలి

ఆరుబయట. వంటింట్లో, కిటికీలు తీసిన హాల్లో, మూసిన బాల్కనీలో వద్దే వద్దు. బొగ్గు కాలితే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, మనిషికి తెలిసేలోపే ప్రాణం తీస్తుంది. తాటాకు పందిరి కింద, గడ్డివామి పక్కన కూడా కాదు, సంగతి బొగ్గుల దగ్గర చెప్తాను.

బల్లమీద పెట్టేవాళ్ళు పొయ్యిని నేరుగా చెక్క మీద పెట్టకూడదు. చీమకుర్తి చుట్టుపక్కల గ్రానైట్ ఫ్యాక్టరీల దగ్గర మిగిలిన కటింగ్ పలకలు చవగ్గా దొరుకుతాయి, ఒకటి తెచ్చి వేసుకోండి, కానీ ఆ రాయికి కూడా పొయ్యి అడుగు ఆనకూడదు, ఒకేచోట వేడి తగిలితే గ్రానైట్ చిట్లుతుంది. కంపెనీ ఇచ్చే పింగాణీ కాళ్ళు మధ్యలో పెట్టి గాలి ఆడేలా ఉంచాలి. చక్రాల స్టాండ్ ఉంటే నేల సమంగా ఉండాలి, మేడ మీద నీళ్ళు పోవడానికి ఇచ్చిన వాలు దగ్గర చక్రాలకి లాక్ వేయడం మర్చిపోవద్దు.

తీరం దగ్గర మధ్యాహ్నం నుంచి తూర్పు గాలి లేస్తుంది. కింది తలుపు ఆ గాలికి ఎదురుగా ఉంటే మీరు ఎంత సన్నగా తెరిచినా బొగ్గు రాజుకుంటూనే ఉంటుంది. తలుపు పడమటి వైపుకో గోడ వైపుకో తిప్పుకోండి.

బొగ్గు

ఈ ఒక్క విషయంలో మనం అదృష్టవంతులం. అమెరికాలో గ్రిల్ పిచ్చోళ్ళు డబ్బులు పోసి కొనుక్కునే మెస్కీట్ బొగ్గు ఉంది చూశారూ, ఆ చెట్టు మన సర్కారు తుమ్మకి దగ్గరి చుట్టం. అదే మనవైపు చిల్లకంప అని తిట్టుకుంటూ గట్ల మీద నరికేసేది. ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో దాన్ని బట్టీల్లో కాల్చి బొగ్గు చేసేవాళ్ళు ఉన్నారు, ఇస్త్రీ బండ్లకీ హోటళ్ళకీ పోయేది ఎక్కువగా అదే. ఆన్‌లైన్‌లో రంగు సంచుల్లో అమ్మే బొగ్గుకి డబ్బు పోయక్కర్లేదు, బొగ్గుల డిపోకి వెళ్ళి "అన్నా, బాగా కాలినవి, పొడి లేకుండా పెద్ద ముక్కలు ఏరి ఇవ్వు" అని అడగండి, కిలోకి ఇంకో రెండు రూపాయలు ఎక్కువడిగినా ఇచ్చేయండి.

చూసుకోవాల్సింది ఇది. రెండు ముక్కలు ఒకదానికొకటి కొడితే ఖంగుమనాలి. దబ్బుమని మొద్దు శబ్దం వస్తే లోపల సరిగా కాలలేదు, విరిస్తే గోధుమరంగు కనిపిస్తుంది, అలాంటిది వేస్తే కళ్ళు మండే పొగ, మాంసానికి చేదు. తడి బొగ్గు అసలు కొనద్దు, నీళ్ళకి కూడా మీరే డబ్బు కట్టాలి. ఇంటికి తెచ్చాక జల్లెడ పట్టండి. పొడి, నలుసులు కింది జాలీ రంధ్రాల్లో కూరుకుంటే గాలి ఆగిపోయి సగం వంటలో వేడి పడిపోతుంది, చాలామంది గ్రిల్ బాగాలేదని తిట్టుకునే సందర్భాల్లో అసలు దోషం ఈ పొడిదే. అమర్చేటప్పుడు పెద్ద ముక్కలు అడుగున, మధ్య రకం పైన, చిన్నవి సందుల్లో.

తుమ్మ బొగ్గుకి ఒక గుణం ఉంది, అంటుకునేటప్పుడు చిటపటలాడుతూ నిప్పురవ్వలు ఎగరేస్తుంది. పందిరి కింద వద్దన్నది అందుకే. వెలిగించిన మొదటి పది నిమిషాలు పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

కొబ్బరి చిప్పల బొగ్గు బాగా వేడిస్తుంది కానీ ముక్కలు పల్చగా ఒకదానిమీద ఒకటి పరుచుకుని గాలిని అడ్డుకుంటాయి, కావాలంటే తుమ్మ బొగ్గులో కొంచెం కలపండి. అచ్చుపోసిన బ్రికెట్లలో బూడిద ఎక్కువ, వద్దు. రాతిబొగ్గు, అంటే గనుల్లో తవ్వేది, తిండి వండే గ్రిల్‌లో వేయనే కూడదు, దాని గంధకం పొగ తిండికి పడుతుంది. కిరోసిన్, పెట్రోలు కూడా అంతే, పింగాణీ ఆ వాసన పీల్చుకుని నెలల తరబడి వదలదు.

పొగకి కట్టె

బొగ్గు వేడి కోసం, రుచి కోసం వేసే కట్టె వేరు. మామిడి, జామ, సపోటా బాగుంటాయి. పొదలకూరు, గూడూరు వైపు నిమ్మతోటల్లో కొమ్మలు కత్తిరించినప్పుడు అడిగితే ఉట్టినే ఇస్తారు, నిమ్మ కట్టె, బత్తాయి కట్టె పొగ చేపకీ కోడికీ చక్కగా సరిపోతుంది. ఏదైనా నీడలో ఆరునెలలు ఎండాలి. పిడికిలంత ముక్కలు రెండో మూడో బొగ్గుల మధ్యలో అక్కడొకటి ఇక్కడొకటి దూర్చండి, నిప్పు జరుగుతూ పోయేకొద్దీ ఒక్కొక్కటే అంటుకుంటుంది. నీళ్ళలో నానబెట్టమని కొందరు చెప్తారు, దానివల్ల ముందు ఆవిరి రావడం తప్ప లాభం లేదు.

జామాయిల్ వద్దు, నూనె వాసన. వేప పొగ చేదు. గన్నేరు విషం, పుల్ల కూడా దగ్గరికి రానివ్వకండి, దాని పుల్లకి మాంసం గుచ్చి కాల్చడం కూడా ప్రమాదమే. పాత తలుపులు, ప్లైవుడ్, రంగు వేసిన చెక్క కూడా వద్దు.

మొదటి మంట

మొదటి రోజే చుట్టాలని పిలవకండి. గాస్కెట్ అంటించిన జిగురు గట్టిపడాలి, పింగాణీలో ఉన్న తేమ నెమ్మదిగా పోవాలి. కొంచెమే బొగ్గు వేసి, 150 దగ్గర రెండు గంటలు ఖాళీగా నడిపి ఆర్పేయండి. తర్వాతి మూడు నాలుగు వంటలు కూడా 175 దాటనివ్వకండి. చల్లారాక బ్యాండ్ల బోల్టులు మళ్ళీ బిగించండి, వేడికి ఇనుము సాగి వదులవుతాయి. ఇది మర్చిపోయినవాళ్ళకి ఒకరోజు మూత తెరవగానే పింగాణీ డోము బ్యాండ్‌లోంచి జారి కిందపడుతుంది.

వేడిని పట్టుకోవడం

నెమ్మది వంటకి బొగ్గు నిండా పోసి ఒక్కచోటే, నడిమధ్యలో వెలిగించాలి. వంటనూనెలో ముంచిన దూది ఉండ గానీ, ఎండిన కొబ్బరి పీచు ఉండ గానీ బొగ్గుల్లో దూర్చి అంటిస్తే చాలు. మూత తెరిచి, కింది తలుపు పూర్తిగా తెరిచి పది నిమిషాలు. గుప్పెడు బొగ్గులు ఎర్రబడ్డాక డిఫ్లెక్టర్, దానిమీద కొవ్వు పడటానికి ఒక పళ్ళెం (రెంటికీ మధ్య కొంచెం సందు ఉంచితే కారిన కొవ్వు మాడదు), ఆపైన జాలీ పెట్టి మూత వేయండి.

ఇక్కడి నుంచే ఓపిక. ముల్లు 80 దాటగానే కింది తలుపు రెండు వేళ్ళ సందుకి, పై మూత సగానికి తగ్గించండి. 100 దగ్గర కిందది చిటికెన వేలు దూరేంత, పైది సన్నటి చంద్రవంక. అక్కడి నుంచి నెమ్మదిగా పాకి 115, 120 దగ్గర నిలుస్తుంది. ఒక్కో పొయ్యికి ఒక్కో లెక్క, రెండు మూడు వంటలకే మీ పొయ్యి గుర్తులు మీకు తెలిసిపోతాయి, మార్కర్‌తో తలుపు పక్కన గీత గీసుకున్నా తప్పులేదు. కావలసిన వేడికి దిగువ నుంచే పైకి రావాలి. 160కి పోనిచ్చి తలుపులు మూసి దించుదాం అనుకుంటే ఆ మందపాటి గోడలు గంటైనా చల్లారవు.

ముల్లు నిలిచినా మాంసం అప్పుడే పెట్టొద్దు. మొదట్లో వచ్చే తెల్లటి చిక్కటి పొగ పోయి, కనీ కనపడని లేత నీలం పొగ వచ్చేదాకా అరగంటైనా ఆగాలి. తెల్లపొగలో పెట్టిన మాంసం నాలుక మీద తారులా అంటుకుంటుంది, ఏ మసాలా దాన్ని కప్పలేదు. పొగ సన్నబడింది కదా అని మధ్యమధ్యలో కట్టెలు కుక్కేవాళ్ళు ఉంటారు, ఆ పని చేయకండి.

చల్లటి పెద్ద మాంసం ముక్క పెట్టగానే డోములో వేడి పడుతుంది. వెంటనే తలుపులు తెరవకండి, అదే లేస్తుంది. థర్మామీటర్ ములుకు మాంసానికి తగులుతోందేమో మాత్రం చూసుకోండి. డోములో చూపే వేడికీ జాలీ దగ్గరి వేడికీ మొదటి గంటలో పది ఇరవై డిగ్రీల తేడా మామూలే.

మూత తెరిచేటప్పుడు

వేడి బాగా ఉండి తలుపులు సన్నగా ఉన్నప్పుడు లోపలి నిప్పు గాలి కోసం ఆవురావురుమంటూ ఉంటుంది. ఒక్కసారిగా మూత ఎత్తితే గాలి దూసుకెళ్ళి భగ్గుమని మంట మొహం మీదికి వస్తుంది, కనుబొమ్మలు కాలడం అక్షరాలా జరుగుతుంది. రెండంగుళాలు ఎత్తి ఐదారు సెకన్లు ఆపి, మళ్ళీ కొంచెం ఎత్తి ఆపి, అప్పుడు పూర్తిగా తెరవండి. ప్రతిసారీ ఇంతే, ఇంట్లో అందరికీ నేర్పించండి.

ఏం వండాలి

మొదటి వంటకి బ్రాయిలర్ కోడి పెట్టుకోండి. కిలోన్నర కోడిని వీపు దగ్గర చీల్చి పరిచి, ముందురోజు రాత్రే కిలోకి 12 గ్రాముల లెక్కన ఉప్పు రాసి ఫ్రిజ్‌లో మూత లేకుండా ఉంచితే చర్మం ఆరి కరకరలాడుతుంది. డిఫ్లెక్టర్ పెట్టి 180 దగ్గర గంట అటూ ఇటూ. రొమ్ములో 74, తొడలో 80 చూపిస్తే దించేయండి. నాటుకోడిని ఇలా చేయకండి, తోలులా సాగుతుంది. దాన్ని ఇనప కడాయిలో మసాలాతో మూతపెట్టి, గ్రిల్‌లో 150 దగ్గర రెండు గంటలు మగ్గిస్తేనే దాని రుచి దానికుంటుంది.

పొట్టేలు సంగతికి వద్దాం, ఈ పొయ్యి కొన్నదే దానికోసం. నెల్లూరు జాతి గొర్రె, అందులో జోడిపి, పల్ల, దొర రకాల్లో ఏదైనా సరే, పొడుగు కాళ్ళ జీవం. ఒంట్లో కొవ్వు తక్కువ. అమెరికా వంటకాల్లో చెప్పే గంటల లెక్కలు బలిసిన పంది మాంసానికో ఆవు రొమ్ముకో రాసినవి, వాటిని అలాగే పాటిస్తే మన పొట్టేలు కట్టెలా ఎండుతుంది. కసాయి దగ్గర ముందు కాలు జబ్బతో కలిపి, ముక్కలు కొట్టకుండా, పైన పొర తీయకుండా ఇమ్మని చెప్పండి. రెండు కిలోల లోపు ఉంటుంది. రాత్రి ఉప్పు. పొద్దున అల్లం వెల్లుల్లి, ధనియాలు, మిరియాలు, కొంచెం నువ్వుల నూనె కలిపి పట్టించండి. కారం తగ్గించండి, గుంటూరు కారం గంటలకొద్దీ వేడి మీద నల్లబడి చేదెక్కుతుంది, తినేటప్పుడు నెల్లూరు కారం చల్లుకుంటే అంతకన్నా బాగుంటుంది.

మధ్యాహ్నం ఒంటిగంటకి భోజనం అంటే ఐదింటికల్లా మాంసం లోపల ఉండాలి, నిప్పు నాలుగింటికే రాజేయాలి. 120 దగ్గర మూడు గంటలు ముట్టుకోకండి. లోపలి వేడి 65, 70 దాకా చకచకా వచ్చి అక్కడ మొండికేస్తుంది, గంట గడిచినా డిగ్రీ కదలదు. టెన్షన్ పడి తలుపు తెరవకండి. మాంసం పైనుంచి తడి ఆవిరై పోతూ దాన్ని చల్లబరుస్తూ ఉంటుంది, మనకి చెమట పట్టి ఒళ్ళు చల్లబడ్డట్టు. అక్కడే బయటికి తీసి, కొంచెం నెయ్యి రాసి, నిప్పు మీద వాడ్చిన అరిటాకులు రెండు వరసలు చుట్టి పైన అల్యూమినియం ఫాయిల్ బిగించి మళ్ళీ పెట్టేయండి. ఆవిరి పోదు కాబట్టి వేడి మళ్ళీ ఎక్కుతుంది. 93, 95 వచ్చాక థర్మామీటర్ ములుకు అడ్డం లేకుండా దిగితే అయిపోయినట్టు. మొత్తం ఐదు నుంచి ఏడు గంటలు. ఆ పొట్లం అలాగే తువ్వాలు చుట్టి మూతున్న స్టీలు గిన్నెలో ముక్కాలుగంట ఉంచాలి. విప్పితే ఎముక చేత్తో వచ్చేస్తుంది. ఆకుల్లో దిగిన రసం పారబోశారంటే మీకీ గ్రిల్ దండగ, వేడి అన్నంలోకి గానీ రాగి సంగటిలోకి గానీ అదే పులుసు.

రొయ్యలకి దీనికి పూర్తిగా ఎదురు పద్ధతి. డిఫ్లెక్టర్ తీసేసి, తలుపులు తెరిచి, 230 పైకి తీసుకెళ్ళి, 30 కౌంట్ (కిలోకి ముప్పై తూగే) వనామీ రొయ్యల్ని పెంకుతోనే వీపు చీల్చి నరం తీసి, ఉప్పు, పసుపు, వెల్లుల్లి, నూనె పట్టించి ఒక్కో వైపు రెండు నిమిషాలు. అంతకు మించితే రబ్బరు. వంజరం ముక్కలు బొటనవేలు మందాన కోయించి, జాలీకి కాకుండా చేపకి నూనె రాసి పెట్టండి, కింది వైపు కాలితే దానంతటదే జాలీని వదులుతుంది, అంతకుముందు తిప్పబోతే విరుగుతుంది. చందువని మాత్రం అరిటాకులో చుట్టడమే మేలు. ఎండాకాలంలో మసాలా పట్టించిన చేపలు, రొయ్యలు మేడ మీద గంట కన్నా ఎక్కువసేపు పెట్టకండి, ఐసు మీద ఉంచి అవసరమైనప్పుడే తీయండి.

పిజ్జా, రొట్టె కూడా వస్తాయి, రాయి పెట్టి 300 దగ్గర. నాకు అంత మోజు లేదు. దానికన్నా వంట అయిపోయాక మిగిలిన నిప్పుల మీద నేరుగా నాలుగు వంకాయలు, టమాటాలు పడేసి కాల్చుకోండి, రోటి పచ్చడికి. గెణుసుగడ్డలు రేకులో చుట్టి పక్కన దూర్చి తలుపులు మూసేస్తే సాయంత్రానికి అవీ తయారు.

ఆర్పడం, బూడిద

నీళ్ళు పోయకండి, పింగాణీ పగులుతుంది. కిందా పైనా మూసేయండి, గాలి లేక గంటా రెండు గంటల్లో నిప్పు ఆరిపోతుంది, గోడలు మాత్రం ఇంకా చాలాసేపు కాలుతూనే ఉంటాయి, వాన కవరు అప్పుడే తొడగొద్దు. మిగిలిన బొగ్గు తర్వాతి వంటకి పనికొస్తుంది, కలిపి బూడిద రాల్చి పైన కొత్తది పోసుకోవడమే. బూడిద మర్నాడే ఎత్తండి, అదీ ఇనప డబ్బాలోకి. ప్లాస్టిక్ బకెట్‌లోకి ఎత్తితే అడుగున దాక్కున్న నిప్పుతో బకెట్ కరిగిపోతుంది.

లోపల సబ్బు, నీళ్ళు పెట్టి కడగొద్దు. జిడ్డు ఎక్కువైతే ఖాళీగా 300 దగ్గర అరగంట నడిపితే అంతా బూడిదవుతుంది. జాలీని వేడిగా ఉన్నప్పుడు గీకండి, తీగల బ్రష్ వద్దు, ఊడిన తీగ ముక్క తిండిలోకి పోతుంది, సగం కోసిన ఉల్లిపాయ ఫోర్కుకి గుచ్చి రుద్దినా చాలు.

వాన, ఉప్పుగాలి

మనకి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, తుఫాన్లూ అప్పుడే. కవరు తప్పనిసరి, పై మూత గాలికి ఎగిరిపోకుండా తీసి లోపల పెట్టుకోండి. పింగాణీ నీళ్ళు పీలిస్తే ఆ తర్వాత గబగబా వేడి చేయకూడదు, లోపలి నీరు ఆవిరై గోడని చీలుస్తుంది. 100 దగ్గర రెండు మూడు గంటలు ఆరబెట్టి అప్పుడు వాడండి. వానాకాలం నెల రోజులు ముట్టుకోకపోతే లోపల బూజు పట్టడం ఖాయం. భయం లేదు, ఆ బొగ్గు పారేసి, కొత్త బొగ్గుతో 300కి తీసుకెళ్ళి అరగంట కాల్చి, చల్లారాక గుడ్డతో తుడిచేయండి. వాడనప్పుడు కింది తలుపు కొంచెం తెరిచి ఉంచితే గాలి ఆడి బూజు తక్కువ పడుతుంది.

సముద్రానికి దగ్గర్లో ఉండేవాళ్ళకి పింగాణీతో కన్నా ఇనుముతోనే తంటా. బ్యాండ్లు, కీలు, స్ప్రింగులు నెలకొకసారి చల్లగా ఉన్నప్పుడు నూనె గుడ్డతో తుడవండి, బోల్టులు తుప్పు పట్టకముందే స్టెయిన్‌లెస్ స్టీలువి వేయించుకుంటే నట్టు ఇరుక్కునే గొడవ ఉండదు. గాస్కెట్ ఎప్పుడోకప్పుడు కాలిపోతుంది, మూత అంచున పొగ కారుతుంటే, నోటు పరీక్షలో జారిపోతుంటే మార్చాలి, పాతది గీకి కొత్తది అంటించి మళ్ళీ తక్కువ వేడితో మొదలు. ఫైర్‌బాక్స్‌లో నిలువు పగులు వస్తే కంగారుపడకండి, ముక్కలు విడిపోనంత వరకు దాంతోనే ఏళ్ళు నడుస్తుంది. డోములోనో బయటి గోడలోనో పగులు కనిపిస్తే మాత్రం ఆ రోజే ఆపేసి, కంపెనీకి ఫోటోలు పంపండి.